టైరు మీద ఎస్ అక్షరం

మా పుట్టింట్లో నాకు పిరికిదని పేరు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి, పగలూ రాత్రీ ఇంజన్ల కూతల మధ్య పెరిగిన పిల్లకి ఈ భయమేంటని మా నాన్న నవ్వేవాడు. నిజం చెప్పాలంటే రైలంటే నాకు ఏనాడూ భయం లేదు. అది పట్టాల మీద పోతుంది. నడిపేవాడికి హుషారు పుట్టినంత మాత్రాన పక్కకు తిరగదు. నా అసలు భయం మేం కారు కొన్నాక మొదలైంది. కారంటే కూడా కాదు, దాని టైరు మీదున్న ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం.

అరవయ్యో దశకం చివరి రోజులు. మా ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ లెక్చరరు. అనంతపురం జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి, క్యాంపస్‌లో తార్నాక వైపున్న క్వార్టర్లలో కాపురం పెట్టారు. పాఠాలు చెప్పడానికి జర్మనీ నుంచి వచ్చిన ప్రొఫెసరొకాయన తిరిగి వెళ్ళిపోతూ తన చిన్న కారు అమ్మజూపితే, ముందూ వెనకా చూడకుండా మా ఆయన కొనేశారు. మా వరుసలో మిగతా లెక్చరర్లందరికీ సైకిళ్ళూ స్కూటర్లే. ఇక చూడండి ఆయన వైభోగం! రోజూ సాయంత్రం లుంగీ ఎగ్గట్టి, బకెట్టుతో నీళ్ళు తెచ్చి, కన్నకూతురికి పోసే స్నానం కంటే శ్రద్ధగా దానికి స్నానం పోసేవారు.

కారు మా వాకిట్లోకి వచ్చేనాటికే టైర్లు అరిగి గుండ్లయిపోయి ఉన్నాయి. ఆ విదేశీ సైజు టైర్లు బజార్లో దొరికే రోజులా అవి? సికిందరాబాదులో ఒక షాపుకు తీసుకుపోయి రీట్రెడింగ్ చేయించుకొచ్చారు. అంటే అరిగిన టైరు ఒళ్ళు అలాగే ఉంచి, నేలకు తగిలే భాగం మీద మాత్రం కొత్త రబ్బరు పట్టీ వేసి, వేడి మీద అతికించి ఇస్తారు. చూడ్డానికి కొత్తదానిలాగే నిగనిగలాడుతుంది. పక్క భాగం పాతదే కాబట్టి దాని మీద కంపెనీ వాళ్ళు వేసిన సైజు అంకెలూ, వాటి మధ్య ఎస్ అన్న అక్షరమూ చెక్కుచెదరకుండా ఉండిపోయాయి.

మా క్యాంపస్ మనుషుల సంగతి చెప్పాలి. తెలియదు అన్న మాట ఒక్కరి నోటా రాదు. ఒక సాయంత్రం మా వాకిట్లో కారు చుట్టూ చేరి, ఆ ఎస్ అంటే ఏమిటని సభ పెట్టారు. ఎకనామిక్స్ ఆయన స్టాండర్డ్ అన్నాడు. ఇంగ్లీషు ఆయన స్ట్రాంగ్ అన్నాడు. నేను టీ గ్లాసులు అందిస్తూ "చిన్న కారు కదా, స్మాల్ అయ్యుంటది" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, వాళ్ళ మాటలకు నా మాట కంటే ఎక్కువ ఆధారమేమైనా ఉందా?

చివరికి ఎదురింట్లో ఉండే ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరుగారు వచ్చారు. ఆయనది కరీంనగర్. నిమ్మళంగా మాట్లాడే మనిషి. కింద కూర్చుని టైరును చుట్టూ చూసి అప్పుడు నోరు విప్పారు.

"ఇది స్పీడు గుర్తు. యూరప్‌ల టైర్ల మీద వేస్తరు. ఎస్ అంటే గంటకు నూట ఎనభై కిలోమీటర్ల దాకా ఈ టైరు తట్టుకుంటది అని. హెచ్ ఉంటే ఇంకా పైకి, వీ ఉంటే దానికన్న పైకి."

"నూట ఎనభై!" మా ఆయన మొహం వెలిగిపోయింది. "నా కారు ఎంత తొక్కినా నూట ఇరవై దాటదు. అంటే ఇంకా అరవై చేతిలో మిగిలి ఉందన్న మాట!" అంటూ ఎకనామిక్స్ ఆయన్ని లాక్కెళ్ళి ముందు సీట్లో కూర్చోబెట్టి, మీటరులో అంకెలు చూపించడం మొదలుపెట్టారు. ఇంగ్లీషాయన కూడా వెనక తలుపు తీసుకుని ఎక్కేశాడు.

ఎదురింటాయన చెప్తున్నది ఇంకా పూర్తి కాలేదు. వినడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

"కొత్త టైరు అయితేనమ్మా ఆ మాట. గాలి సరిగ్గ ఉండాలె, బరువు మించొద్దు" అన్నారాయన. "తిరిగేటప్పుడు టైరు నేలకు తగిలిన కాడ ఒత్తుకపోతది, మళ్ళ లేస్తది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కుతది చూసిన్రా? గట్లనే. స్పీడు పెరిగినకొద్దీ వేడి పుడుతనే ఉంటది, పోయేటందుకు టైము దొరకది. గాలి తక్కువున్నా, బరువు ఎక్కువున్నా ఇంకింత వేడి. ఆఖరికి రబ్బరు ఊడొస్తది."

"మరి ఇది రీట్రెడ్ చేయించింది కదండీ?"

ఆయన నా మొహం చూశారు. కొత్త రబ్బరు అతుకు వెంట వేలు పెట్టి రాశారు. "అయితే ఆ నూట ఎనభై లెక్క మర్చిపోండ్రి. ఆ అక్షరం కంపెనీల తయారైన టైరుది. మీదికెల్లి అంటించిన దానికి కంపెనీ జిమ్మేదారు కాదు కదా. క్యాంపస్‌ల, తార్నాక దాకా మెల్లగ తిప్పుకుంటే ఫికర్ లేదు. దూరం పోయేటప్పుడు మాత్రం జర చూస్కోండ్రి."

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి పోయింది. కారు గేటు దాటితే చాలు, అది తిరిగి వచ్చేదాకా చెవులు రోడ్డు మీదే. ఆయనకు చెప్పకపోలేదు. అన్నం వడ్డిస్తూ చెప్పాను, బట్టలు మడతపెడుతూ చెప్పాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు అని కూడా అన్నాను. "నువ్వు కీడెంచి అక్కడే ఆగిపోతావు, మేలు దాకా రావు" అని నవ్వేశారు.

అప్పటికి మా పాపకు మూడో ఏడు నడుస్తోంది. పుట్టువెంట్రుకలు ఇంకా తీయించలేదు. మా అత్తగారి ఇలవేల్పు కదిరి నరసింహస్వామి. కదిరి ప్రయాణం ఎప్పటికప్పుడు వాయిదా పడుతుంటే, ఎండాకాలం మా దగ్గరికి వచ్చిన అత్తయ్యే ఆ సంగతి తేల్చేసింది. "యాడైనా సామి సామే గదా. ఈడ గుట్ట మీద ఉండేదీ నరసింహుడే" అంది. గుట్ట అంటే యాదగిరిగుట్ట. ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి మీదుగా అరవై కిలోమీటర్లుంటుంది. పంతులుగారు సోమవారం పొద్దున పదిన్నరకు ముహూర్తం పెట్టారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి కాబట్టి, లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసే మా అన్నను రమ్మన్నాం.

ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినరుగా నిజామాబాదు వెళ్ళిన మా ఆయన ఆదివారం సాయంత్రం గానీ ఇల్లు చేరలేదు. ఎదురింటి వాళ్ళు అప్పటికే సెలవులకు ఊరెళ్ళిపోయారు. వాళ్ళుంటే ఆయన చేతనైనా చెప్పించేదాన్ని. కాఫీ గ్లాసు చేతికిచ్చి, మెల్లగా కదిపాను.

"ఏమండీ, రేపు గుట్టకు బస్సుల పోదాం."

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సా?"

"అంత దూరం, ఇంత ఎండ. ఆ టైర్లు..."

"మళ్ళీ మొదలుపెట్టావా! ఎస్ అని రాసుంది కదే దాని మీద. నూట ఎనభై. నేను పోయేదెంత? డెబ్బై, మహా అయితే తొంభై. సగమే కదా."

"అది పాత టైరుకు రాసింది. మీది రబ్బరు వేరే."

"నువ్వు ఇంజనీరింగ్ ఎప్పుడు చదివావ్?"

నాకు ఒళ్ళు మండింది. "నేను చదవకపోతే ఏంది? ఎదురింటి సారు చదివిండు కదా, ఆయన చెప్పిండు!" అన్నాను. కోపమొస్తే నా నోట్లోకి లాలాగూడ వచ్చేస్తుంది.

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "ఏమ్మే, దీపాలు పెట్టే యాళ ఏం మాటలవి? పైన తథాస్తు దేవతలుంటారు. శుభమా అని బిడ్డను సామి దగ్గరికి తీసకపోతాంటే టైరు గియిరు అంటావు. గమ్మునుండు."

ఆ మాటతో నా నోటికి తాళం పడింది. మా ఇళ్ళలో ఇదొకటి కదా! ప్రయాణం ముందు ఎక్కడికని అడగకూడదు, తుమ్మకూడదు, చెడు మాట అనకూడదు. నోరు జారితే పైన తిరిగే దేవతలు తథాస్తు అంటారు, అదే జరుగుతుంది. టైరు ఊడుతుందేమో అని అంటే ఊడుతుంది, అనకపోతే ఊడదు! నవ్వొస్తుంది గానీ, నిజంగా ఏదైనా జరిగితే నా నోటి వల్లే జరిగిందని నా మీదికే వస్తుందని తెలుసు. నాకే అలా అనిపించదని నమ్మకమేమిటి? నోరు మూసుకుని పాప గౌను ఇస్త్రీ చేసుకున్నాను.

సోమవారం రాహుకాలం ఏడున్నరకు వస్తుంది. అంతకు ముందే, ఏడింటికల్లా బయల్దేరి నింపాదిగా పోవాలని ఏర్పాటు. తెల్లారకముందే పొంగలి వండే ఇత్తడి గుండిగ, బియ్యం, బెల్లం, బట్టల సంచులు, నీళ్ళ కూజా అన్నీ కారుకెక్కించాం. ఏడైంది. మా అన్న జాడ లేదు. మేనమామ లేకుండా వెళ్ళి ఏం చేస్తాం? ఏడున్నర దాటాక సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"డ్యూటీ దిగేటందుకు రిలీవర్ రాలే చెల్లె, ఏం చెయ్యను? పదండ్రి పదండ్రి, ఎక్కుండ్రి" అన్నాడు.

ఎక్కడిది ఎక్కడం? అత్తయ్య గడప ముందు పీట వేసుకుని కూర్చుంది. రాహుకాలంలో కాలు బయట పెడితే ప్రమాదమట. తొమ్మిదయ్యేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు. మా ఆయన వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకుంటున్నారు. పదిన్నరకు ముహూర్తం. తొమ్మిదికి బయల్దేరితే గంటన్నరలో దారంతా పోవాలి, కొండ కూడా ఎక్కాలి. ప్రమాదం రాకూడదని ఇంట్లో కూర్చున్న సమయమంతా రోడ్డు మీద స్పీడుతో రాబట్టుకోవాలన్న మాట. ఇదెక్కడి లెక్కో నాకు అర్థం కాలేదు. అత్తయ్యను అడిగే ధైర్యమూ లేదు.

నేను కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. సామాను బరువుకు వెనక భాగం కిందికి కుంగింది. కుడివైపు టైరు నేలను తాకిన చోట పొట్ట బయటపెట్టినట్టు ఉబ్బింది. గాలి తక్కువైందని చూస్తూనే తెలుస్తోంది. ఎస్ అక్షరం మాత్రం పసుపు కుంకుమల బొట్టుతో ముద్దుగా ఉంది. ఆయన స్వయంగా దాని పక్కనే పెట్టారు ఆ బొట్టు.

సరిగ్గా తొమ్మిదికి నాలుగు నిమ్మకాయలు తొక్కించి కదిలాం. ముందు సీట్లో ఆయనా, మా అన్నా. వెనక అత్తయ్యా, పాపను ఒళ్ళో పెట్టుకుని నేనూ. తార్నాక చౌరస్తాలో గాలి కొట్టే షాపు కనబడగానే ఉండబట్టలేక "జర గాలి చూపిద్దామా, రెండు నిమిషాల పని" అన్నాను.

"ఇప్పటికే ఆలస్యం" అన్నారాయన.

"అడుగు బయట పెట్టినాక మళ్ళా నిలపగూడదు" అంది అత్తయ్య.

ఉప్పల్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. అంతే, ఆయన కాలు కిందికి దిగింది. నేను కూర్చున్న చోట నుంచి ఆయన భుజం పక్కగా మీటరు కనిపిస్తోంది. డెబ్బై. ఎనభై. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. తాటిచెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. ఎదురుగా ఎడ్లబండి వస్తే హారన్ కొట్టి రోడ్డు దించుతున్నారే గానీ కాలు తీయడం లేదు. "బావా, మస్తు ఉరుకుతున్నదే బండి!" అని మా అన్న ఒకటే పొగడ్తలు. వాణ్ణి వెనక నుంచి గిల్లాలనిపించింది.

నా కింద, కుడివైపు, ఆ టైరు తిరుగుతోంది. నాకు అది తప్ప ఇంకేమీ వినబడడం లేదు. ఒత్తుకుంటోంది, లేస్తోంది, ఒత్తుకుంటోంది, లేస్తోంది. తీగను వంచినట్టు వంచుతున్నాం, కాలుతున్న తారు మీద. ఐదుగురి ప్రాణాలు, అందులో పాప! పాప నిద్రపోతోంది. దాని తల నా చేతి మీద ఉంది. టైరు ఊడితే కారు ఎటు తిరుగుతుంది, ఎటు పడితే నేను దీన్ని ఎటు తిప్పి పట్టుకోవాలి, ఇదే ఆలోచన. అరచేతులు చెమట పట్టి పాప గౌను తడిసిపోయింది. తొంభై. నోటితో చెప్పడానికి లేదు. అందుకే కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను.

"ఏమండీ, ఆపండి. నాకు వాంతి వచ్చేట్టున్నది."

ఘట్‌కేసర్ దాటాక విసుక్కుంటూ ఆపారు. దిగి, కారు వెనక్కి పోయి వంగి నిలబడ్డాను. వాంతి లేదు, పాడూ లేదు. చెయ్యి చాపి టైరు మీద పెట్టి చటుక్కున తీసేశాను. పెనం లాగా కాలుతోంది. కొత్త రబ్బరు అతుకు దగ్గర వేలి గోరు దూరేంత సందు కనిపించింది.

కారెక్కి "టైరు మస్తు కాలుతున్నదండీ, సందు కూడా పడ్డది. ఒక్కసారి దిగి చూడండి" అన్నాను.

"ఈ ఎండలో నీ తల మీద చెయ్యి పెట్టినా కాలుతుంది. వాంతి తగ్గిందా, పోదామా?"

"ముందుకు చూసి నడుపు నాయనా" అంది అత్తయ్య. నా వైపు కూడా చూడలేదు.

పోయిన నిమిషాలు కూడా కలిపి రాబట్టాలి కదా, ఈసారి ఇంకా వేగం పెంచారు. సూది తొంభై దాటి వంద మీదికి పోయింది. కారు లోపల ఏదో సన్నగా వణకడం మొదలైంది. పాప లేచి ఏడుపు లంకించుకుంది. "ఏదైనా పాట పాడి ఊరుకోబెట్టు" అన్నారు. నాకు పాటా! "మళ్ళీ వాంతి వస్తున్నది, ఆపండి" అని ఏడుపు గొంతుతో అన్నాను. "కొంచెం ఓర్చుకో, ముహూర్తం దాటిపోతుంది" అన్నారు. కాలు తీయలేదు.

అప్పుడు అత్తయ్య ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"అబ్బోడా, మెల్లగా పోనీ. పిల్ల ఒట్టి మనిషి కాదు."

ఆయన కాలు దానంతటదే పైకి లేచింది. ఎనభై, అరవై, నలభై. ఆయన అద్దంలోంచి నన్ను చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "నిజమా అమ్మా?" అన్నారు, నన్ను కాదు, ఆవిణ్ణి. "అరె, ఒక్క మాటన్న చెప్పలేదు చెల్లె!" అని మా అన్న వెనక్కి తిరిగి పళ్ళన్నీ బయటపెట్టాడు.

గురువారం నాడే నేను తలకు పోసుకుని ఇంట్లోకి వచ్చాను. అంతకు ముందు మూడు రోజులూ వెనక వరండాలో చాప మీద కూర్చుంటే దూరం నుంచి కంచంలో అన్నం వేసింది ఈవిడే. ఆయన నిజామాబాదులో ఉన్నారు కాబట్టి ఆయనకు తెలియదు. మడీ మైలా అంటూ గోడలకు కూడా నీళ్ళు చల్లే ఈవిడకు తెలియకపోవడమేమిటి? నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇప్పుడు ఇదొక కొత్త భయం. లేనిది ఉందని అందరిలో అన్నాక, రేపు నేనేం చెప్పుకోను?

అలా ఎడ్లబండితో పోటీ పడుతున్నట్టు పోతున్నాం. భువనగిరి కొండ దూరంగా కనబడుతోంది. ఎదురుగా లారీ ఒకటి వస్తోంది. అప్పుడు నా కింద టపటపమని చప్పుడు మొదలైంది, ఎవరో చెప్పుతో రేకును కొడుతున్నట్టు. కారు తోక ఒక్కసారి లారీ వైపు జారింది. ఆయన స్టీరింగు బిగపట్టి ఎడమకు తిప్పారు. నేను పాప మీదికి వంగిపోయాను. లారీ గాలి మా మీద కొట్టి వెళ్ళిపోయింది. కారు రోడ్డు దిగి, మట్టిలో ఆగింది.

అందరం దిగాం. వెనక కుడి టైరు మీది కొత్త రబ్బరు సగానికి పైగా ఊడి, పామును చంపి పడేసినట్టు చక్రానికి వేలాడుతోంది. లోపల పాత టైరు పోగులు బయటపడ్డాయి. పక్కన పసుపు బొట్టు, దాని పక్కన ఎస్ అక్షరం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ అక్షరం మీద వేలు పెట్టారు.

"ఎస్ అనే కదా ఉంది" అన్నారు. ఆ గొంతు విని కోపం తెచ్చుకోవాలన్నా నాకు రాలేదు. ఆయన కూడా బాగా భయపడ్డారు.

మా అన్న స్టెప్నీ దించి, జాకీ పెట్టాడు. "వంద మీద ఉన్నప్పుడు ఊడితే ఖతం బావా. లారీ కిందికే పోతుంటిమి" అన్నాడు. ఆయన లేచి, చేతులు దులుపుకుని నా దగ్గరికి వచ్చారు. కళ్ళలో నీళ్ళున్నాయి. "కడుపులో ఉన్న బిడ్డే మనందరినీ కాపాడింది" అన్నారు. నేను తల వంచుకున్నాను. అది సిగ్గనుకున్నారు.

గుట్ట చేరేసరికి ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది. ఆయన నన్ను మెట్టు మెట్టుకూ ఆపుతూ కొండ ఎక్కించారు. అత్తయ్య ఆయాసపడుతూ పోయి పూజారిగారితో, ముహూర్తం తప్పింది సామీ, ఏం చేయమంటారని గోడు చెప్పుకుంది. ఆయన విసనకర్రతో విసురుకుంటూ "క్షేత్రానికి వచ్చినంక ముహూర్తమేందమ్మా? ఎప్పుడు వస్తే అదే ముహూర్తం. కూర్చోబెట్టండ్రి" అన్నాడు. మా అన్న పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేశాడు. పాప కొండంతా మార్మోగేట్టు ఏడ్చింది. నాకు ఆ ఏడుపు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. గొంతు చించుకుని ఏడ్చే పిల్ల బతికున్న పిల్ల.

మొక్కు తీరాక పాపకు నీళ్ళు పోయించడానికి వాళ్ళిద్దరూ తీసుకెళ్ళారు. మండపంలో స్తంభం నీడన అత్తయ్యా నేనూ మిగిలాం. ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, గురువారమే కదా నేను తలకు పోసుకున్నది. మీకు తెలుసు కదా!"

"తెల్దా ఏంది నాకు? అన్నం పెట్టింది నేనే గదా."

"మరి ఆయనతో అట్లెందుకన్నారు?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు నిన్నట్నుంచి మొత్తుకుంటాంటే నేనే నోరు మూయించినా. ఈ కార్లో కూసున్నాక నాకూ గుండె నోట్లేకి వచ్చింది. ఏమని చెప్పేది? పెండ్లాం చెప్తే పిరికిదంటాడు. తల్లి చెప్తే ముసల్దంటాడు. ఒళ్ళో బిడ్డ ఏడుస్తాంటే పాట పాడమంటాడు."

"మరి..."

"కార్లో నలుగురం ఉంటిమి. ఉన్నోళ్ళ కోసరం కాలు తియ్యలా. లేని బిడ్డ కోసరం తీసినాడు. నాలుగు దినాలు పోనీ, ముసల్దాన్ని, లెక్క తప్పినానని నేనే చెప్తాలే. నీ మీదికి రానీను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పొద్దుటి నుంచి నా పక్కన కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మనిషి నా అంత భయంతోనే కూర్చుందని అప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఏడ్చేశాం.

దిగే వేళ మా ఆయన గుండుకు గంధం పూసిన పాపను భుజాన ఎత్తుకుని మాకంటే నాలుగు మెట్లు ముందుగా దిగుతున్నారు. ఆగి, వెనక్కి తిరిగి నావైపు చెయ్యి చాపారు.

"మెల్లగా దిగు. మనకేం తొందర లేదు" అన్నారు.

ఆదివారం సాయంత్రం నుంచి నేను ఆ ఒక్క మాట కోసమే కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇప్పుడది ఆయన నోటి నుంచి ఎంత ప్రేమగా వచ్చిందో! ఆయన చెయ్యి అందుకున్నాను. పక్కన అత్తయ్య తల తిప్పుకుంది. ఆయన ఆ మాట నాతో అనలేదని మా ఇద్దరికీ తెలుసు.